వెరాక్రూజ్: మెక్సికో తూర్పు వాకిలి

వెరాక్రూజ్ పేరు రెండింటికి చెల్లుతుంది. మెక్సికో సింధుశాఖ పడమటి ఒడ్డున ఉత్తర దక్షిణాలుగా బారుగా సాగిన రాష్ట్రం ఒకటి. ఆ ఒడ్డుకు ఇంచుమించు నడుమ ఉన్న రేవు పట్టణం మరొకటి. రాష్ట్రం అధికారిక నామం వెరాక్రూజ్ దె ఇగ్నాసియో దె లా యావే; 19వ శతాబ్దిలో గవర్నరుగా పనిచేసిన ఒక ఉదారవాద సేనాని పేరును తర్వాత దానికి చేర్చారు. విస్తీర్ణం దాదాపు 71,800 చదరపు కిలోమీటర్లు. 2020 జనగణనలో జనాభా 80 లక్షల 62 వేలు. ఆ లెక్కన దేశంలో నాలుగో స్థానం. మునిసిపాలిటీలు 212. రాజధాని రేవు పట్టణం కాదు, దానికి సుమారు వంద కిలోమీటర్ల ఎగువన చల్లని కొండల్లో ఉన్న హలాపా. రేవులో జ్వరాలు, తుపాకులు ఎక్కువ కాబట్టి అధికారులు, వర్తకులు కొండెక్కి కూర్చోవడం ఇక్కడ పాత అలవాటు.

ఈ ప్రాంత చరిత్ర తెలుసుకోవాలంటే పటంలో తీరరేఖ కన్నా, రేవు నుంచి మెక్సికో నగరానికి ఎక్కే దారి మీద చూపు పెట్టడం మేలు. స్పానిష్ ఆక్రమణదారు కోర్తెస్ సైన్యం, ఆఫ్రికా బానిసలు, స్పెయిన్‌కు వెళ్లే వెండి, మశూచి, అమెరికా సేనలు, రైలు, బీరు, చివరికి ఫుట్‌బాల్ కూడా ఆ దారిలోనే ఎక్కాయి, దిగాయి. అలా వచ్చినవాటిలో చాలా భాగం రేవును దాటి పైకి వెళ్లిపోయింది. ఊరికి మిగిలింది కొంతే.

కొండ, కడలి

తీరం వెంబడి మైదానం ఉంది. దాని వెనక తూర్పు సియెర్రా మాద్రే పర్వతాలు గోడలా లేస్తాయి. సముద్రానికి వంద కిలోమీటర్ల చిల్లర దూరంలోనే మెక్సికోలోకెల్లా ఎత్తైన శిఖరం పీకో దె ఒరిసాబా ఉంది. నావాత్ల్ భాషలో దాని పేరు సిత్లాల్తెపెత్ల్. ఈ మంచుకొండ పుయెబ్లా రాష్ట్రపు సరిహద్దు మీద నిలిచిన నిద్రాణ అగ్నిపర్వతం. ఎత్తు 5,636 మీటర్లు. పూర్వం సముద్రం మీద వచ్చే నావికులకు రేవు కనబడకముందే ఈ తెల్లని కొన కనబడేది. ఒకే రాష్ట్రంలో ఉదయం మామిడి తోటలో బయల్దేరి, మధ్యాహ్నానికి కాఫీ తోటలు, సాయంత్రానికి పైన్ అడవులు దాటి మంచు దగ్గరికి చేరవచ్చు.

ఉత్తరాన పానుకో, దక్షిణాన పాపలోఆపాన్, కోఆత్సకోఆల్కోస్ పెద్ద నదులు. దక్షిణ తీరంలో మైదానం మధ్య నుంచి లోస్ తూస్త్లాస్ అనే అగ్నిపర్వతాల గుంపు ఒక్కసారిగా పైకి లేస్తుంది. అందులోనే కాతెమాకో సరస్సు ఉంది. చెరకు, నారింజ పంటల్లో దేశంలో ఈ రాష్ట్రానిదే పైచేయి. కోఆతెపెక్ కాఫీకి పేరుంది. పాపాంత్లా చుట్టుపక్కల తోతొనాక్ రైతులు వెనిల్లా తీగ పెంచుతారు. ప్రపంచమంతా ఐస్‌క్రీముల్లో వాడే ఆ కాయ పుట్టిల్లు ఈ తేమ అడవులే. శతాబ్దాలపాటు వేరే ఖండాల్లో తీగ పెరిగినా కాయ కాయలేదు, ఎందుకంటే పరాగసంపర్కం చేసే తేనెటీగలు అక్కడ లేవు. 1841లో హిందూ మహాసముద్రంలోని రెయూనియన్ దీవిలో ఎద్మోఁ అల్బియూస్ అనే పన్నెండేళ్ల బానిస బాలుడు పుల్లతో, వేలితో పూవుకు పరాగం అంటించే కిటుకు కనిపెట్టాక పాపాంత్లా గుత్తాధిపత్యం పోయింది.

శీతకాలంలో ‘నోర్తె’ అనే ఉత్తరపు గాలి వీస్తుంది. రోజుల తరబడి వీచే ఆ గాలికి రేవులో ఓడలు లంగరు నిలపలేవు. వెరాక్రూజ్ సహజమైన మంచి ఓడరేవు కాదన్న సంగతి చాలామంది మరిచిపోతారు. లోతులేని ఇసుక తీరం, అడ్డంగా పగడపు దిబ్బలు, చుట్టూ దోమల మడుగులు. ఇంత అననుకూలమైన చోట మూడు వందల ఏళ్లు ఒక సామ్రాజ్యపు ప్రధాన రేవు నడిచిందంటే కారణం సముద్రం కాదు. రాజధానికి వెళ్లే దారి అక్కడి నుంచే మొదలవడం, ఓడలకు కొంత చాటునిచ్చే చిన్న దీవి ఒకటి ఎదురుగా ఉండడం.

రబ్బరు బంతి

బంతాట ఈ నేలకు ఐరోపా నుంచి వచ్చిన వస్తువు కాదు. రాష్ట్ర దక్షిణాన ఎల్ మనాతీ అనే చోట ఊటబురదలో పురాతత్త్వవేత్తలకు రబ్బరు బంతులు దొరికాయి. వాటిలో పాతవి క్రీస్తుపూర్వం 1600 ప్రాంతానివి. ప్రపంచంలో దొరికిన అతి పురాతన రబ్బరు బంతులు ఇవే. గాలి తగలని బురద కాబట్టి అన్ని వేల ఏళ్లు చెక్కుచెదరకుండా నిలిచాయి. కాస్తియా చెట్టుకు గాటు పెడితే పాలు కారతాయి. ఆ పాలు ఒట్టిగా ఎండితే పెళుసుబారతాయి. ఒక రకం తెల్లని ‘రాత్రిపూల’ తీగ రసం కలిపితే మాత్రం సాగి ఎగిరే గుణం వస్తుంది. చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరును వల్కనైజ్ చేయడానికి మూడు వేల ఏళ్ల ముందే ఇక్కడివారికి ఈ పాకం తెలుసు.

ఎల్ మనాతీకి చేరువలోని సాన్ లోరెన్సో క్రీస్తుపూర్వం 1200–900 నడుమ ఓల్మెక్ నాగరికతకు పెద్ద కేంద్రం. అక్కడ పది బ్రహ్మాండమైన రాతి తలలు దొరికాయి. తూస్త్లాస్ కొండల బసాల్టు బండలను చక్రం, బరువు మోసే పశువు లేకుండా అరవై కిలోమీటర్లకు పైగా తరలించి చెక్కారు. ఇప్పటిదాకా తెలిసిన 17 తలల్లో 13 వెరాక్రూజ్‌లోనివే, మిగతా నాలుగు పక్కనున్న తబాస్కోలోని లా వెంతావి. ఆ తలలకున్న శిరస్త్రాణాలు బంతాటగాళ్లవని కొందరి ఊహ, రాజులవని ఎక్కువమంది మాట. రెండూ ఒకరే అయి ఉండకూడదని ఏమీ లేదు.

ఉత్తరాన ఎల్ తహీన్ నగరం దానికి దాదాపు రెండు వేల ఏళ్ల తర్వాతిది. 1785లో దియెగో రూయిస్ అనే స్పానిష్ అధికారి దొంగచాటు పొగాకు తోటలు వెతుకుతూ అడవిలో తిరుగుతుంటే దాని ప్రసిద్ధ పిరమిడ్ కంటబడింది. దాని అంతస్తుల నిండా గూళ్లే. లెక్క వేస్తే 365, ఏడాది రోజులన్ని. 1992లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ నగరంలో బంతాట మైదానాలే ఇరవై దాకా ఉన్నాయి. దక్షిణ మైదానం గోడ మీది శిల్పం ఒకటి దగ్గరగా చూడదగ్గది. ఒక ఆటగాణ్ణి వెనక్కి వంచి ఇద్దరు పట్టుకున్నారు, ఒకడి చేతిలోని కత్తి అతని గుండెకు తగిలింది, పై నుంచి ఎముకల దేవత దిగుతోంది. బలి ఇచ్చింది ఓడినవాణ్ణా గెలిచినవాణ్ణా అన్న వాదన ఇంకా తెగలేదు. తుంటితో కొట్టే ఆ ఆటకూ కాలితో ఆడే నేటి ఆటకూ వంశవృక్షం గీయడం తప్పు. మెక్సికన్ క్రీడా విలేకరులకు మాత్రం ఆ తప్పు మహా ఇష్టం.

తిరిగి తిరిగి నిలిచిన ఊరు

1518లో స్పానిష్ నాయకుడు హువాన్ దె గ్రిహాల్వా దండు రేవు ఎదుటి దీవిని చూసి సాన్ హువాన్ దె ఉలువా అని పేరు పెట్టింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 22న, గుడ్ ఫ్రైడే నాడు, ఎర్నాన్ కోర్తెస్ దాని ఎదుటి ఇసుకలో దిగాడు. క్యూబా గవర్నరు ఇచ్చిన ఆజ్ఞను దాటి దండెత్తాలంటే అతనికి చట్టపరమైన ముసుగు కావాలి. అందుకని ఒక పట్టణాన్ని స్థాపించినట్టు కాగితాల మీద ప్రకటించి, దానికి పాలకమండలిని తానే నియమించి, ఆ మండలి చేత తనను సేనానిగా ఎన్నిక చేయించుకున్నాడు. అమెరికా ప్రధాన భూభాగంలో స్పెయిన్ నెలకొల్పిన తొలి మునిసిపాలిటీల్లో ఒకటైన విలా రీకా దె లా వెరా క్రూజ్ పుట్టుక అలాంటిది. గోడలు లేవక ముందే దస్తావేజులు లేచాయి.

ఊరు మొదట కొంత ఉత్తరాన కియావిస్త్లాన్ కొండ దిగువకు వెళ్లింది. 1525 ప్రాంతంలో నేడు లా అంతీగువా అనే నది ఒడ్డుకు మారింది. చివరికి 1599లో వచ్చిన ఆజ్ఞతో మళ్లీ దీవి ఎదుటికే చేరింది. సెంపొవాలా పట్టణపు తోతొనాక్‌లు కప్పం గుంజే ఆస్తెక్‌ల మీది కోపంతో కోర్తెస్‌తో చేయి కలిపారు. 1520లో అతణ్ణి పట్టుకోవడానికి క్యూబా గవర్నరు పంపిన నార్వాయెస్ దండుతో పాటు మశూచి ఇదే తీరాన దిగింది. సెంపొవాలా కొన్ని దశాబ్దాల్లోనే దాదాపు ఖాళీ అయింది.

దీవి మీద 1535లో మొదలైన కోట పని రెండు శతాబ్దాలు సాగింది. రాయి దొరకని తీరం కాబట్టి సముద్రంలోని పగడపు బండలనే కోసి కట్టారు. గోడల్లో నేటికీ పగడపు మడతలు చేతికి తగులుతాయి. ఆ గోడకున్న పెద్ద కడియాలకు ఓడలను కట్టేవారు. 1568లో మరమ్మతు కోసం లోపలికి వచ్చిన ఇంగ్లీషు నావికుడు జాన్ హాకిన్స్ ఓడల మీద స్పానిష్ నౌకాదళం ఒప్పందం తప్పి విరుచుకుపడింది. బయటపడిన రెండు ఓడల్లో ఒకదానిలో యువకుడైన ఫ్రాన్సిస్ డ్రేక్ ఉన్నాడు. ఆ కక్ష అతను జీవితాంతం తీర్చుకున్నాడు. 1683 మే నెలలో ‘లోరెన్సీయో’ అనే డచ్ సముద్రపు దొంగ లారెన్స్ దె గ్రాఫ్ ముఠా రాత్రికి రాత్రి ఊళ్లో జొరబడి, జనాన్ని ప్రధాన చర్చిలో కుక్కి, రోజుల తరబడి దోచుకుంది. నల్లజాతి వాళ్లను వందలుగా పట్టుకుపోయి అమ్మింది. ఆ తర్వాతే ఊరి చుట్టూ ప్రాకారం గట్టిపడింది. ఆ ప్రాకారాన్ని 1880లో కూల్చేస్తే మిగిలింది సాంతియాగో బురుజు ఒక్కటే.

బానిసలుగా దిగిన ఆఫ్రికన్ల చరిత్ర ఇక్కడ ఓటమితోనే ఆగలేదు. గాస్పార్ యాంగా నాయకత్వంలో పారిపోయినవాళ్లు ఒరిసాబా కొండల దరిదాపుల్లో సొంత పల్లెలు కట్టుకుని దశాబ్దాలు నిలిచారు. 1609లో వారి మీదికి పంపిన సైన్యం వారిని పూర్తిగా అణచలేకపోయింది. చివరికి ప్రభుత్వమే వారి ఊరిని గుర్తించి రాజీకి వచ్చింది. ఆ ఊరి పేరు నేడు యాంగా.

నాలుగు ముట్టడులు

వెరాక్రూజ్ అధికారిక బిరుదు ‘నాలుగుసార్లు వీరనగరం’. 1821లో మెక్సికో స్వతంత్రమైనా స్పెయిన్ సైనికులు దీవికోటను వదల్లేదు. ఎదుటి ఊరి మీద ఫిరంగులు పేలుస్తూ 1825 నవంబరు దాకా అక్కడే ఉన్నారు. వాళ్లను వెళ్లగొట్టడం మొదటిది.

రెండోది 1838లో ఫ్రాన్స్‌తో ‘పిండివంటల యుద్ధం’. అల్లర్లలో తన దుకాణం దోచారంటూ ఒక ఫ్రెంచి మిఠాయివాడు 60,000 పెసోలు అడిగాడు. ఫ్రాన్స్ మిగతా ఫిర్యాదులు కూడా కలిపి ఆరు లక్షలకు బిల్లు వేసి యుద్ధనౌకలు పంపింది. హలాపాలో పుట్టిన సేనాని ఆంతోనియో లోపెస్ దె సాంతా ఆన్నా ఈ పోరులో ఎడమకాలు పోగొట్టుకున్నాడు. ఆ కాలును 1842లో రాజధానిలో సైనిక లాంఛనాలతో పాతిపెట్టించాడు. 1847లో ఇదే రాష్ట్రంలోని సెర్రో గోర్దో వద్ద అమెరికా సైనికులు అతని కొయ్యకాలు ఎత్తుకుపోయారు. అది ఇలినాయ్ మ్యూజియంలో ఉంది, మెక్సికో అడిగినా ఇవ్వలేదు.

మూడోది ఆ 1847 నాటిదే. మార్చి 9న అమెరికా సేనాని విన్‌ఫీల్డ్ స్కాట్ సేన ఊరికి దక్షిణాన దిగి, నేరుగా దాడి చేయకుండా ఇరవై రోజుల ముట్టడిలో ఫిరంగులతో కూల్చింది. సైనికులతో పాటు సాధారణ పౌరులు ఇళ్లలోనే చనిపోయారు. తర్వాత అమెరికా అంతర్యుద్ధంలో ఎదురెదురుగా నిలిచిన రాబర్ట్ లీ, యులిసిస్ గ్రాంట్ ఇద్దరూ ఈ దండయాత్రలో ఒకే పక్షాన ఉన్నారు. స్కాట్ తొందరకు ఒక కారణం జ్వరం. వేసవిలో విరుచుకుపడే పచ్చజ్వరాన్ని ఇక్కడ ‘నల్లవాంతి’ అనేవారు. చిన్నప్పుడే తట్టుకున్న స్థానికుల కన్నా కొత్తగా వచ్చిన పరదేశులను అది ఎక్కువగా కబళించేది. వలస పాలన రోజుల్లో వెండి ఓడలు వచ్చినప్పుడు వర్తకులు రేవులో ఉండకుండా హలాపాలో సంత జరుపుకోవడానికీ కారణం ఇదే. ఊరికి ఫిరంగులకన్నా దోమలే పెద్ద రక్షణ.

నాలుగోది 1914 ఏప్రిల్ 21. నియంత విక్టొరియానో వెర్తాకు ఆయుధాలు మోసుకొస్తున్న ఈపిరాంగా అనే జర్మన్ ఓడను ఆపే నెపంతో అమెరికా అధ్యక్షుడు విల్సన్ నావికులను దించాడు. మెక్సికో సైన్యం ముందే వెనక్కి తగ్గింది. పోరాడింది నావిక పాఠశాల విద్యార్థులు, జైలు నుంచి వదిలిన ఖైదీలు, ఊరి జనం. ఒంటరిగా మెషిన్‌గన్ పట్టుకుని వీధిలో నిలిచిన యువ లెఫ్టినెంట్ హోసె అసువెతా గాయాలతో మే నెలలో కన్నుమూశాడు. అమెరికన్లు నవంబరు 23 దాకా ఉన్నారు. విచిత్రమేమంటే, మూడేళ్ల ముందు పదవీచ్యుతుడైన అధ్యక్షుడు పోర్ఫీరియో దీయాస్‌ను 1911 మే 31న ఇదే రేవు నుంచి ప్రవాసానికి తీసుకెళ్లిందీ ఆ ఈపిరాంగాయే.

దేశానికి కష్టం వచ్చినప్పుడల్లా ప్రభుత్వాలు ఈ ఊరికే వచ్చాయి. అంతర్యుద్ధంలో అధ్యక్షుడు బెనీతో హువారెస్ ఇక్కడి నుంచే పాలించి, 1859లో చర్చి ఆస్తులను జాతీయం చేసే సంస్కరణ చట్టాలు ప్రకటించాడు. 1915 జనవరి 6న విప్లవ నాయకుడు వెనుస్తియానో కర్రాన్సా భూసంస్కరణల చట్టం జారీ చేసిందీ ఇక్కడే. రేవుకు సుంకాల ఆదాయం ఉంది, సముద్రం మీద పారిపోయే వెసులుబాటూ ఉంది. ఉద్యమాలు పై నుంచే రాలేదు. 1922లో లా వాకా పేటలోని వేశ్యలు అద్దె కట్టబోమని పరుపులు వీధిలోకి విసిరేస్తే, దర్జీ పని చేసే అరాచకవాది ఎరోన్ ప్రొవాల్ నాయకత్వంలో ఊరంతా అద్దెల సమ్మె చేసింది. 1939 జూన్ 13న సినాయా అనే ఓడ స్పెయిన్ అంతర్యుద్ధ శరణార్థులను దాదాపు 1,600 మందిని ఈ రేవులో దించింది.

రేవు రుచి

ఈ ఊరివాళ్లను, ఈ తీరం వాళ్లను ‘హరోచో’లు అంటారు. వాళ్ల సంగీతం సోన్ హరోచో. ఎనిమిది తీగల చిన్న హరానా, హార్ప్, మధ్యలో కొయ్యపలక. ఆ పలక మీద మడమలతో వేసే దరువే తాళవాద్యం. ఫాందాంగో అనే ఈ రాత్రి కూటాల్లో పాడే జానపదమే ‘లా బాంబా’. దాన్ని 1958లో రిచీ వాలెన్స్ రాక్ అండ్ రోల్‌గా పాడి ప్రపంచానికి పరిచయం చేశాడు. క్యూబా నుంచి వచ్చిన దాన్సోన్ నృత్యాన్ని ఊరి ప్రధాన కూడలిలో వృద్ధ దంపతులు సాయంత్రాలు మెత్తగా అడుగులు వేస్తూ ఆడతారు. పాపాంత్లా ప్రాంతంలో ఎత్తైన స్తంభం మీది నుంచి తాళ్లకు తలకిందులుగా వేలాడుతూ గిరగిరా తిరుగుతూ దిగే ‘వొలదోరెస్’ క్రతువును యునెస్కో 2009లో వారసత్వంగా గుర్తించింది.

వంటలో ప్రసిద్ధి వచినాంగో అనే ఎర్రచేప కూర. టమాటా, మిరప ఇక్కడివి, ఆలివ్, కేపర్ మొగ్గలు స్పెయిన్‌వి. 1808 నాటినుంచి ఉందని చెప్పుకునే లా పరోకియా కాఫీ హోటల్లో గాజు గ్లాసు అడుగున చిక్కటి కాఫీ పోసి ఇస్తారు. తాగేవాడు చెంచాతో గ్లాసు అంచున టంగుటంగున కొడతాడు. ఆ చప్పుడు విని ఒక సర్వరు పెద్ద కెటిల్‌తో వచ్చి చాలా ఎత్తు నుంచి వేడిపాలు ధారగా పోసి నురుగు తెప్పిస్తాడు. పిలవడానికి నోరు తెరవనక్కర్లేదు. హోటలంతా గ్లాసుల మోతే.

ఇదే తీరం 20వ శతాబ్దిలో చమురుతో కూడా బతికింది. 1916లో ఉత్తరాన సెర్రో అసుల్ 4వ నంబరు బావి రోజుకు రెండు లక్షలకు పైగా పీపాల నూనె చిమ్మి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. పోసా రీకా, మినాతిత్లాన్ చమురు పట్టణాలయ్యాయి. దేశంలోని ఏకైక అణువిద్యుత్ కేంద్రం లగూనా వెర్దె ఈ తీరంలోనే ఉంది. ఇటీవలి రెండు దశాబ్దాల్లో మాఫియా హింస ఈ రాష్ట్రాన్ని కుంగదీసింది, పత్రికా విలేకరుల హత్యల్లో దేశంలోనే చెడ్డపేరు తెచ్చింది. తప్పిపోయిన పిల్లల కోసం వెతుకుతున్న తల్లుల బృందం 2016లో రేవు పొలిమేరలో కోలీనాస్ దె సాంతా ఫె వద్ద భారీ సామూహిక సమాధులను బయటపెట్టింది. పర్యాటక కరపత్రాల్లో ఈ మాట ఉండదు.

జనపనార మిల్లులో పుట్టిన జట్టు

మెక్సికో నగరానికి రైలు వేయాలని 1837లోనే తొలి అనుమతి ఇచ్చారు. యుద్ధాలు, దివాలాల మధ్య దారి పూర్తయింది 1873 జనవరి 1న. సుమారు 420 కిలోమీటర్ల ఆ దారిలో కష్టమంతా మాల్త్రాతా కనుమ దగ్గర. అక్కడ రెండు వైపులా బాయిలర్ ఉన్న ఫెయిర్లీ ఇంజన్లు పెట్టి లాగించేవారు. కనుమకు దిగువన, 1,200 మీటర్ల ఎత్తున ఉన్న ఒరిసాబాకు దీంతో దశ తిరిగింది. నీటి విద్యుత్తు, రైలు, చల్లని గాలి మూడూ ఉన్న ఊరు అది. రియో బ్లాంకో బట్టల మిల్లు, మొక్తెసూమా బీరు కర్మాగారం, సాంతా హెర్త్రూదిస్ జనపనార మిల్లు వరుసగా వచ్చాయి.

జనపనార మిల్లులంటే ఆ కాలంలో స్కాట్లండ్ నిపుణులు, బెంగాల్ నార. చిట్టివలస, నెల్లిమర్ల మిల్లులను ఎరిగిన ఉత్తరాంధ్ర పాఠకులకు ఆ వాసన తెలిసే ఉంటుంది. సాంతా హెర్త్రూదిస్‌లో పనిచేసిన స్కాట్‌లు తీరిక వేళల్లో ఆడిన ఆట నుంచే డంకన్ మకోమిష్ చొరవతో 1890ల చివర్లో ఒరిసాబా అథ్లెటిక్ క్లబ్ పుట్టింది. 1902–03లో మెక్సికోలో తొలి లీగ్ జరిగింది. జట్లు అయిదే: పచూకా గనుల్లోని కార్న్‌వాల్ వాళ్లు, రాజధానిలోని మూడు బ్రిటిష్ క్లబ్బులు, ఒరిసాబా. విజేత ఒరిసాబా. అంటే మెక్సికన్ ఫుట్‌బాల్ చరిత్రలో మొట్టమొదటి ఛాంపియన్ ఒక గోనెసంచుల మిల్లు జట్టు. తర్వాతి సీజన్లో అది పోటీలోనే లేదు. ఉద్యోగులు మారితే జట్టు చెదిరే రోజులవి. వాళ్లు ఆడుకున్న లోయలోనే 1907 జనవరి 7న రియో బ్లాంకో మిల్లు కార్మికుల మీద సైన్యం కాల్పులు జరిపింది. చనిపోయినవాళ్ల సంఖ్య మీద నేటికీ ఏకాభిప్రాయం లేదు. మెక్సికన్ విప్లవానికి ముందస్తు సంకేతాల్లో దాన్ని ఒకటిగా పాఠ్యపుస్తకాలు చెబుతాయి.

తర్వాతి తరంలో ఆట పరదేశుల చేతుల నుంచి ఊరివాళ్ల కాళ్లకు వచ్చింది. 1916లో మొదలైన ఆసోసియాసియోన్ దెపోర్తీవా ఒరిసాబేన్యా, బీరు కంపెనీ అండతో నడిచిన మొక్తెసూమా 1940ల్లో దేశపు ప్రథమ శ్రేణిలో ఆడాయి. మొక్తెసూమా మెక్సికో కప్పు రెండుసార్లు గెలిచింది (1942–43, 1946–47). బీరు డబ్బు ఆగగానే ఆ జట్టూ ఆగింది.

ఎర్ర సొరచేపలు

ఫుట్‌బాల్ రేవులో దిగి, రేవును పట్టించుకోకుండా కొండెక్కిందని పైన చెప్పిన కథ. రేవులో అసలు ఆట బేస్‌బాల్. క్యూబా ఓడలతో వచ్చిన ఆ ఆట 1903లోనే ఆగీలా క్లబ్‌గా స్థిరపడింది. క్యూబా దిగ్గజం మార్తీన్ దిహీగో ఆ జట్టుకు బంతి విసిరాడు. ఈ ఊరివాడే అయిన బెతో ఆవిలా 1954లో క్లీవ్‌లాండ్ తరఫున ఆడుతూ అమెరికన్ లీగ్ బ్యాటింగ్ కిరీటం గెలిచి, తర్వాత ఊరి మేయరూ అయ్యాడు. పొరుగున బోకా దెల్ రియోలోని బేస్‌బాల్ మైదానం అతని పేరు మీదే ఉంది.

వృత్తి ఫుట్‌బాల్ లీగ్ 1943లో మొదలైనప్పుడు వెరాక్రూజ్ క్లబ్ అందులో ఉంది. ఎర్ర చొక్కాల వల్ల, సముద్రం వల్ల ‘తీబురోనెస్ రోహోస్’ అన్న ముద్దుపేరు నిలిచింది. అంటే ఎర్ర సొరచేపలు. 1945–46లో లీగ్, 1947–48లో కప్పు, 1949–50లో మళ్లీ లీగ్. ఆ బంగారు దశకానికి గుర్తు లూయిస్ దె లా ఫువెంతె, ‘పిరాతా’. 1914లో ఇదే రేవులో పుట్టిన అతను స్పెయిన్‌లో సాంతాందేర్, అర్జెంటీనాలో వెలెస్ సార్స్‌ఫీల్డ్ క్లబ్బులకు ఆడి, తిరిగొచ్చి సొంతూరికి కప్పులు తెచ్చాడు. విదేశాల్లో ఆడిన మెక్సికన్ల తొలితరంలో అతనొకడు. 1967లో బోకా దెల్ రియోలో తెరిచిన స్టేడియానికి అతని పేరు పెట్టారు.

తర్వాత కథ ఎత్తుపల్లాలది. రెండో లీగ్ కప్పు గెలిచిన రెండేళ్లకే, 1952లో, క్లబ్ కింది శ్రేణికి పడిపోయింది. 1964లో ఎక్కింది, 1979లో పడింది. 1989లో తిరిగి పైకి వచ్చింది ఆడి గెలిచి కాదు, కొనుక్కుని. ఇక్కడ మెక్సికన్ పద్ధతి కాస్త చెప్పుకోవాలి. ప్రథమ శ్రేణిలో ఆడే హక్కు ఒక ఆస్తి. యజమాని దాన్ని అమ్మొచ్చు, కొన్నవాడు వేరే ఊరికి, వేరే పేరుకు మార్చుకోవచ్చు. అలా రాజధాని శివారులోని నేసా క్లబ్ హక్కు సొరచేపల చేతికి వచ్చింది. ఆ మొదటి సీజన్లో అర్జెంటీనావాడు హోర్హె కోమాస్ 26 గోల్స్ కొట్టి లీగ్ అగ్రస్కోరరై ఊరికి దేవుడయ్యాడు. 1998లో మళ్లీ పతనం, 2002లో మళ్లీ ఎక్కడం. 2004 రెండో అర్ధభాగపు పోటీల్లో జాతీయ జట్టు తార కువావ్‌తేమోక్ బ్లాంకో రాకతో జట్టు పట్టికలో అగ్రస్థానాన నిలిచింది. నాకౌట్‌లోకి రాగానే ఇంటికి వెళ్లింది. 2008లో మరో పతనం. 2011లో మెక్సికో ఫుట్‌బాల్ సమాఖ్య హక్కు తీసేసింది. 2013లో మిచోఆకాన్ రాష్ట్రపు లా పియెదాద్ కష్టపడి ప్రథమ శ్రేణికి ఎక్కితే, ఎక్కిన జట్టును వెరాక్రూజ్‌కు తరలించారు. లా పియెదాద్ అభిమానుల గోడు ఎవరికీ పట్టలేదు. సొరచేపల అభిమానులు పండగ చేసుకున్నారు. ఆరేళ్ల తర్వాత ఆ గోడు వాళ్లకూ తెలిసొచ్చింది.

2016 ఏప్రిల్‌లో కప్పు ఫైనల్లో నెకాక్సాను సొంత మైదానంలో 4–1తో ఓడించి, దాదాపు ఏడు దశాబ్దాల తర్వాత పెద్ద ట్రోఫీ ఎత్తారు. అక్కడి నుంచి జారుడే. 2018 ఆగస్టు తర్వాత వరసగా 41 లీగ్ మ్యాచుల్లో గెలుపన్నది లేదు. 2019 ఏప్రిల్‌లో పచూకా చేతిలో 9–2 ఓటమి. ఆ ఏడాది కింది శ్రేణికి పోవాల్సిన క్లబ్, నిబంధనల ప్రకారం 12 కోట్ల పెసోల రుసుము కట్టి పైనే ఉండిపోయింది. రుసుముకు డబ్బు దొరికింది కానీ ఆటగాళ్ల జీతాలకు దొరకలేదు.

2019 అక్టోబరు 18 రాత్రి పిరాతా ఫువెంతె స్టేడియంలో తీగ్రెస్‌తో మ్యాచ్. రిఫరీ ఈల వేశాడు. ఎర్రచొక్కా ఆటగాళ్లు పదకొండుమందీ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. నెలల తరబడి జీతాలు రాలేదని నిరసన. కొద్దిసేపు తీగ్రెస్ వాళ్లూ బంతిని తమలో తాము తోసుకుంటూ ఆగారు. ఆ తర్వాత ముందుకు కదిలి, ఎవరూ అడ్డుపడని గోలులోకి రెండు బంతులు కొట్టారు. సొరచేపల గోల్‌కీపరు కూడా కదల్లేదు. మూడు నాలుగు నిమిషాలయ్యాక ఆట నిజంగా మొదలైంది. 3–1తో తీగ్రెస్ గెలిచింది. నిరసన ఎంతసేపన్న దానిపై రెండు జట్ల మధ్య మాట కుదరలేదని తర్వాత వివాదం రేగింది. నిరసన చేసేవాళ్లను చూస్తూ గోల్ కొట్టడం క్రీడాస్ఫూర్తా అని దేశమంతా చర్చించింది. జీతాలు ఎవరు ఎగ్గొట్టారన్న ప్రశ్న ఆ సందడిలో వెనకబడింది. వారం తర్వాత పుయెబ్లాను 1–0తో ఓడించి 41 మ్యాచుల శాపం తెంచుకున్నా, డిసెంబరు 4న సమాఖ్య క్లబ్ సభ్యత్వం రద్దు చేసింది. పురుషుల జట్టుతో పాటు మహిళల జట్టు, యువ జట్లు అన్నీ ఒక్క రోజులో లేకుండా పోయాయి.

ఆటగాళ్లకు ఈ తీరంలో కొదవ లేదు. 1998 ప్రపంచకప్పులో నాలుగు గోల్స్ కొట్టిన బంగారు జుట్టు లూయిస్ ఎర్నాందెస్, ‘మతదోర్’, పుట్టింది చమురు పట్టణం పోసా రీకాలో. అతనూ ఎదిగింది ఎక్కువగా బయటి క్లబ్బుల్లోనే. బేస్‌బాల్ జట్టు ఆగీలా కూడా యజమానుల లెక్కల వల్ల కొన్నేళ్లు ఊరు విడిచిపోయి, మళ్లీ వచ్చింది. బోకా దెల్ రియోలో దాని మ్యాచులకు టికెట్లు అమ్ముడుపోతున్నాయి.